సి షిఫ్ట్ మీద చుక్కలు

మా నాన్న నా లెక్కల మార్కులను గోడకెక్కించారు. పెద్ద చార్టు పేపరు మీద, ఎర్ర స్కెచ్ పెన్నుతో, ప్రతి శనివారం పరీక్షకీ ఒక చుక్క. చుక్కకీ చుక్కకీ మధ్య గీత. ఆ గీత లేచేది, పడేది, మళ్లీ లేచేది, మళ్లీ పడేది. మా క్వార్టర్‌లో వంటిల్లు కాక ఉన్నది ఆ ముందు గది ఒక్కటే. గ్యాస్ బండ తెచ్చే భయ్యా నుంచి పక్కింటి దీదీ దాకా దాన్ని చూడకుండా వెళ్లినవాళ్లు లేరు. తొమ్మిదో తరగతి పిల్లకి అంతకంటే తలవంపు ఏముంటుంది చెప్పండి.

ఆ తొంభైల్లో, నాన్న పనిచేసే భిలాయి ఉక్కు ప్లాంటులో క్వాలిటీ సర్కిళ్ల ఊపు బాగా ఉండేది. కొంతమంది కార్మికులు ఒక జట్టుగా చేరి, సరుకులో లోపం ఎక్కడ పుడుతోందో చార్టులు గీసి పట్టుకోవాలి. నాన్నకి అది పూనకంలా పట్టుకుంది. ఇంట్లో ఆయనకి దొరికిన లోపం సరుకు నేను.

"ఇలగైతే వచ్చే జూన్లో నిన్ను అమ్మమ్మ దగ్గరికి పంపించేస్తాను. శ్రీకాకుళంలో చదువుకుందువు గాని," అన్నారొకసారి. ఉత్తినే బెదిరించే మనిషి కాదు. ఇక్కడ నేను చదివేది హిందీ బళ్లో; నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవటం రాదు. ఆ బళ్లో చిన్నపిల్లల పక్కన కూర్చుని అఆలు దిద్దుకోవాలి.

ఒక ఆదివారం నాన్న సర్కిల్ వాళ్లు, వైశాలి నగర్ నుంచి ఇద్దరు, భిలాయి-3 నుంచి ఒకాయన, మా ఇంటికొచ్చారు. వచ్చే నెల ఆఫీసర్ల ముందు చార్టు చూపించి మాట్లాడాలట. ముందు సాధన కావాలి కదా, దానికి నా మార్కులు పనికొచ్చాయి. నేను టీలు అందిస్తుంటే నాన్న పుల్ల పట్టుకుని నా గీత చూపిస్తున్నారు. పక్కన చేప ముల్లులాంటి ఇంకో బొమ్మ, ఒక్కో ముల్లు మీద ఒక్కో కారణం: టీవీ, ఆటలు, స్నేహితులు, బద్ధకం.

"ఏటమ్మా, ఇందులో ఏదంటావు?" అని అడిగారు భిలాయి-3 మామయ్య. నచ్చింది పెట్టుకోండి అనబోయి నాలుక కరుచుకున్నాను.

ఆయన టీ తాగుతూ చార్టు దగ్గరికెళ్లి వంగి చూశారు. ప్లాంటులో ఏ అంకె వేసినా దాని కింద షిఫ్ట్ రాయాలి. చెయ్యి అలవాటుకొద్దీ నాన్న ప్రతి చుక్క కిందా ఆ వారం తన డ్యూటీ రాసేశారు: ఏ, బీ, సీ. రాశారే గాని ఎప్పుడూ చదవలేదు.

"బావా, గీత వదిలేసి కింద అచ్చరాలు చూడు. పడిపోయిన చుక్కలన్నీ సి మీదే ఉన్నాయి. నీకు నైట్ డ్యూటీ పడినప్పుడల్లా పిల్లకి పరీక్ష పోతోంది."

అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వబోయి ఆగిపోయారు. వంటింటి గుమ్మంలోంచి అమ్మ నెమ్మదిగా అంది: "ఆ వారాలు మీరు పొద్దంతా ఈ గదిలోనే కదండీ పడుకుంటారు. దాని బడి మధ్యాహ్నం, రాత్రయితే నిద్రాగదు, చదువుకునేది పొద్దున్నే. పైకి చదివితే గాని దాని బుర్రకెక్కదు. మీ నిద్ర పాడవుద్దని నేనే నోరు మూయించీదాన్ని."

నాన్న చేతిలో పుల్ల ఇంకా చార్టు మీదే ఉంది. నా మూలంగా అందరి ముందూ తప్పు నాన్న మీద పడిందని నాకు చచ్చేంత సిగ్గేసింది. నన్ను బద్ధకస్తురాలని అనుకున్నా ఎంతో బాగుండేది. మామయ్య, "మావోడి మార్కులు కూడా ఇలాగే వేసి చూడాల," అంటూ లేచారు. తర్వాత నిజంగానే వేసి చూశారు. వాళ్లబ్బాయి మూడు షిఫ్టుల్లోనూ ఒకేలా ఫెయిలవుతున్నాడని తేలింది.

మళ్లీ రాత్రి డ్యూటీ వారం వచ్చింది. నాన్న ఏమీ చెప్పకుండా నులక మంచం వరండాలోకి లాక్కున్నారు. వానలు వెళ్లిపోయినా ఒకటే ఉక్క. మొహం మీద తడి తువ్వాలు కప్పుకుని, ఈగలు తోలుకుంటూ పడుకునేవారు. కూరగాయల బండివాడు సరిగ్గా మా వాకిట్లోనే అరిచేవాడు. నేను లోపల ఫ్యాను కింద సిద్ధాంతాలు గట్టిగా చదువుతుంటే బయట మంచం కిర్రుమనేది. నా గొంతు తగ్గితే, "గట్టిగా చదువమ్మా," అనేవారు తువ్వాలు తియ్యకుండానే.

"మీ నాన్న బయట పడుకున్నారేంటి, ఇంట్లో గొడవైందా?" అని హిందీలో అడిగింది నాతో చదివే పిల్ల.

"గాలి కోసం," అన్నాను. నాన్నని చూసి నాకు సిగ్గేసింది. అలా సిగ్గుపడినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ శనివారం పరీక్ష బాగా రాశాను. మార్కులు చెప్పగానే నాన్న స్కెచ్ పెన్ను తీసి, సి మీద ఎప్పుడూ లేనంత ఎత్తున చుక్క పెట్టారు. వెనక్కి జరిగి ఒకసారి చూసుకుని, అమ్మని కేకేశారు.

"ఇదిగో, ఇలా రా. డిఫెక్ట్ దొరికిపోనాది. పిల్లలో ఏ లోపమూ లేదు. ఉన్నదల్లా నాలోనే."

ఊరు పంపే మాట ఆ రోజుతో పోయింది. నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో, చెంప మీద నులక అచ్చులతో, ఏదో బహుమతి వచ్చినట్టు ఆయన నవ్వుతున్నారు. నేను తలెత్తలేకపోయాను.