మేత వద్దనే సేల్స్‌మన్

తొంభైల చివర్లో భీమవరంలో ఒక రొయ్యల మేత కంపెనీకి నేను మేనేజర్ని. నా కింద ఆరుగురు సేల్స్‌మన్లు. చెరువుల వెంట తిరిగి రైతుల చేత మా మేత కొనిపించడం వాళ్ళ పని. అయిదుగురు పరవాలేదు. ఆరో ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద, బాబాయ్ గారూ అని పిలిచేవాణ్ణి. ఆయన మోపెడ్ ఎంత నిదానమంటే, ఒకనాడు ఉండి ఊరి దగ్గర కొంగ ఒకటి వెనక క్యారేజీ ఎక్కి కూర్చుని, ఆకివీడులో తీరిగ్గా దిగి వెళ్ళిపోయింది. ఒట్టు, కళ్ళారా చూశాను.

ఆయన అమ్మకాలూ అలాగే నడిచేవి. వరసగా మూడు నెలలు అందరికన్నా అడుగున ఉండేసరికి మా ప్రొప్రయిటరు గారు నన్ను పిలిచారు.

"ఈ వారంలో మానెయ్యమని చెప్పెయ్యండి. మీరు చెప్పలేకపోతే నేనే చెప్తాను, మీక్కూడా కలిపి."

మర్నాడు పొద్దున్నే ఆ మోపెడ్ వెనకాల కూర్చున్నాను. ఆయన మనసు నొవ్వకుండా ఎలా చెప్పాలా అని దారిలో నాలుగు రకాలుగా అనుకుని చూసుకున్నాను. ఆ బండి మీద అయిదో రకానికి కూడా టైము మిగిలింది.

మొదటి చెరువు దగ్గర రైతు మా బస్తానే విప్పి, మేత చల్లడానికి తెప్ప ఎక్కబోతున్నాడు. బాబాయ్ గారు పలకరింపు కూడా లేకుండా గట్టు దిగి, చెక్ ట్రే పైకి లాగారు. రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్ళలోకి తాడుతో దించే వల పళ్ళెం అది. పొద్దుటి మేత అందులో అలాగే ఉంది. ఆయన ఆకాశం వైపు చూశారు.

"మబ్బేసిందండి, రొయ్య మేత ముట్టదు. ఇప్పుడేస్తే అడుక్కెళ్ళి కుళ్ళిపోద్ది. రేపు చూద్దాం, మూతి కట్టెయ్యండి."

రైతు వెంటనే బస్తా కట్టేశాడు. నేను గట్టు దిగి బాబాయ్ గారి దగ్గరికెళ్ళాను.

"బాబాయ్ గారూ, మనం అమ్మేది మేతండీ!"

"ఆయ్, మేతేనండి. తినాల్సింది రొయ్య కదండి."

రైతు నవ్వాడు. "మేనేజరు గారండీ, మిగతా కంపెనీలోళ్ళు వానొచ్చినా వేసెయ్యమంటారండి. పోయినేడు అలాగే విని చెరువులో రొయ్యలన్నీ చంపుకున్నాను. ఈయన మొహం చూసే మీ మేత కొంటున్నానండి."

మధ్యాహ్నం ఆ రైతు పాకలోనే భోజనం. చేపల పులుసులో నడిమి ముక్క ఏరి బాబాయ్ గారు నా విస్తట్లో వేశారు. ఆ ముక్క తింటూ ఉద్యోగం తీసేశామని ఎలా చెప్తాను?

"పొద్దుట్నించీ ఏదో చెప్పబోయి ఆగిపోతున్నారు," అన్నారాయన మెల్లిగా. "నన్ను తీసేశారాండి? ఇంట్లో ముందే చెప్పుకోవాలి కదండి."

"పులుసు బాగుందండి," అన్నాను.

సాయంత్రం ప్రొప్రయిటరు గారి ముందు నిలబడ్డాను.

"ఆయన సేల్స్‌మన్ కాదండి, చెరువుల డాక్టరు. మన మేత కొన్న రైతు చెరువు బతికితేనే మళ్ళీ మన దగ్గరికొస్తాడు. ఆయన్ని ఆ పనికే ఉంచుదామండి."

ప్రొప్రయిటరు గారు అమ్మకాల పుస్తకం నా వైపు తోశారు.

"ఉంచండి. ఆయన అమ్మకాల టార్గెట్ మాత్రం ఇకనుంచి మీరే అమ్మి పూర్తి చెయ్యండి."

ఆ మాట వరండాలో కూర్చున్న బాబాయ్ గారికి చెప్పాను. ఆయన సంతోషించారు గానీ, వెంటనే నన్ను కిందనుంచి పైదాకా చూసి, నిజంగా బెంగపడ్డారు.

"మరి మీరు అమ్మగలరాండి?"