నీళ్లు పారబోసే ఈరప్ప

కోసిగి పక్కన మా ఊళ్లో ఎండాకాలం వస్తే ఆడవాళ్లు తెల్లవారకముందే బిందెలతో వంకలోని చెలమల దగ్గర కూర్చుంటారు. నీరు ఊరాలి, చిప్పతో తోడాలి, బిందె నిండాలి. అలాంటి ఊళ్లో వాననీళ్లను బయటికి పంపడం ఒక మనిషికి ఉద్యోగం. ఆ మనిషి ఈరప్ప. ఊరు అతనికి పెట్టిన పేరు ‘నీళ్లు పారబోసేవాడు’.

ఊరికి పడమట, రైలు కట్ట కోసం ఏళ్ల తరబడి కంకర తీసిన పెద్ద గుంత ఉండేది. ఈరప్ప మీసాలు రాకముందు నుంచీ అందులోనే రాళ్లు కొట్టాడు. రాతి పెచ్చు ఎగిరి ఎడమ కన్ను మసకబారింది కూడా అందులోనే. రాయి అయిపోగానే కాంట్రాక్టర్లు వెళ్లిపోయారు. వాళ్లతోపాటు రాయీ పోయింది, లాభమూ పోయింది. గుంత మాత్రం ఊరికి మిగిలింది. మా తాలూకాను బళ్ళారి నుంచి విడదీసి కర్నూలులో కలిపిన మరుసటేడు, కరువు పనుల కింద దాన్ని పూడ్చి, చదును చేసి, గట్లు వేసి, నేల లేని కొన్ని కుటుంబాలకు పంచారు. గట్లు చూసుకునే పని ఈరప్పకిచ్చారు.

ఆదోని నుంచి సూపర్‌వైజరు బాలకృష్ణయ్య వచ్చి, బురదలో దిగి మరీ చెప్పాడు.

“ఇది పుట్టిన నేల కాదు ఈరప్పా, పోసిన నేల. లోపలంతా వదులు. నీళ్లు నిలిస్తే కిందికి దిగి గట్టును మెత్తబరుస్తాయి. ఎక్కువైనవి ఈ మరవలోంచి పోవాల్సిందే. పోయే నీళ్లు తేటగా ఉంటే నేల ఉన్నట్టు. ఎర్రగా ఉంటే నేల పోతున్నట్టు.”

మరవ అంటే గట్టు మధ్యలో రాళ్లు పరిచి వదిలిన వెడల్పాటి సందు. ఆ మాటలు ఈరప్పకు కూడా మొదట రుచించలేదు. అయినా ప్రతి వానకూ కట్టె పట్టుకుని గట్ల వెంట తిరిగేవాడు. నేల బోలుగా మోగిన చోట పొడిచి చూసి మట్టి దట్టించేవాడు. నీటి కోతలకు రాళ్లు అడ్డం పెట్టేవాడు. చివరికి మరవ దగ్గర వంగి, దోసెడు నీళ్లు పట్టి, మంచి కంటి దగ్గరికి తెచ్చుకుని రంగు చూసేవాడు.

అతను ఇటు తిరగగానే జనం మరవను రాళ్లతో, తుంగతో మూసేసేవాళ్లు. అతని వెంట మట్టితట్ట మోసే నాకు పట్టరాని కోపమొచ్చేది. కానీ దాహంతో పెరిగినవాడికి నీళ్లు వదలమని ఎవరు నేర్పగలరు?

“ఏమప్పా, మల్లా వచ్చినావా మా నీళ్లు పారబోసేకి?” అనేది ఉచ్చీరమ్మ. ఆమె మొగుడు లేని మనిషి. మరవ పక్క చేనే ఆమెది. “నీ ఇంట్లో కడవ ఉంటాది కదా, దాన్నీ బోర్లించుకోపో.”

“కడవకు అడుగుంటాది సెల్లీ. ఈ సేనికి లేదు.”

మొదటి ఏడే పెద్ద వానకు మూసిన మరవ వెనక నీళ్లు నిలిచి, బసప్ప చేని గట్టు తెగింది. ఒక్క పూటలో పైమట్టంతా వంకలో కలిసింది. కింది కంకర పళ్లికిలించింది. బసప్ప పెళ్లాం పిల్లలతో కూలికి దేశం పోయాడు, తిరిగి రాలేదు.

అప్పుడే ఈరప్ప ఒక ఉపాయం చేశాడు. ఎవరూ చూడకుండా ఒక నున్నటి రాయి తెచ్చి మరవ ఒడ్డున నిలబెట్టి పసుపు కుంకుమ పూశాడు. పొద్దున్నే ఊరంతా గంగమ్మ వెలిసిందన్నారు. గంగమ్మ దారిని మూసే ధైర్యం ఎవరికుంది? ఒక ఏడాది మరవ తెరిచే ఉంది. నీళ్లు తేటగా పోయాయి. ఉచ్చీరమ్మ చేలో కొర్ర మోకాలు దాటింది.

మరుసటి ఏడు కొర్ర వెన్ను తీసింది. ఉచ్చీరమ్మ మొక్కు చెల్లించుకుంది. రాళ్లు మోసి, బంకమట్టి మెత్తి, గంగమ్మకు అరుగు కట్టింది. ఎక్కడ? సరిగ్గా మరవ నోట్లో. అమ్మవారు కటిక నేల మీద ఒడ్డున నిలబడితే బాగుండదని రాయిని తెచ్చి అరుగు నడుమ పెట్టింది.

ఈరప్ప చూసేసరికి పడమట మబ్బు నల్లగా దిగుతోంది. గడ్డపార తెమ్మని నన్ను పంపాడు. తెచ్చేసరికి ఉచ్చీరమ్మ అరుగుకు అడ్డంగా కూర్చుని ఉంది.

“ఆ రాయి నేను పెట్టిందేమ్మా,” అన్నాడు ఈరప్ప. “గుంతలో నేను కొట్టిన రాయే. మీరు మరవ మూయకుండా పెట్టినా.”

“నువ్వు పెట్టినావు, సరే. పెట్టాలని నీకు బుద్ధి పుట్టించినది ఎవురు?”

ఈరప్ప మబ్బు వైపు చెయ్యి చూపాడు. “వాన దిగితే నీ కొర్ర పోతాది. బసప్ప సేను సూసినావు కదా.”

ఆమె తన చేను వైపు చూసింది. తరువాత కొప్పులోంచి గన్నేరు పూవు తీసి రాయి తల మీద పెట్టింది. “అమ్మను అడుగుదాం. కుడి పక్క పడితే కదిలిద్దాం. ఎడమ పడితే గడ్డపార ముట్టుకోవద్దు.”

ఉరుము వినపడింది. పూవు కదల్లేదు. ఈరప్ప గడ్డపార మీద చేతులు మార్చుకుంటున్నాడు. అంతలో వానగాలి వచ్చింది. పూవు ఎడమ వైపుకు రాలింది.

“సూసినావా?” అంది ఆమె. గొంతులో గెలుపు లేదు.

“మనకు ఎడమ. మన దిక్కు సూస్తాండే అమ్మకు అది కుడి కాదా?”

“నీకు ఎడమ కన్నే కనపడదు. అమ్మ కుడిచెయ్యి కనపడిందా?” అని నవ్వబోయి ఆగింది. మొదటి చినుకులు అరుగు మీద టపటపా పడ్డాయి. ఆమె లేచి రాయిని రెండు చేతులతో పెకలించి, చంటిబిడ్డలా రొమ్ముకు ఆనించుకుంది. “కానీ, పొడుసుకో.”

నేనూ అతనూ పొడిచాం. ఆమె స్వయంగా మెత్తిన మట్టి అంత తేలిగ్గా ఊడలేదు. సందు తెరుచుకునేసరికి చేలో నీళ్లు మడమలు దాటాయి. ఒక్కసారిగా కదిలాయి. మొదట ఎర్రగా పోయాయి. ఈరప్ప వంగి దోసిట్లో పట్టి చూసి పారబోశాడు. మళ్లీ పట్టాడు. గట్టు నిలిచింది. చాలాసేపటికి అతని దోసిట్లో నీళ్లు తేటపడ్డాయి.

ఉచ్చీరమ్మ రాయిని ఎత్తుకునే, తడుస్తూ, పోతున్న నీళ్లను చూస్తోంది. మా ఇళ్లలోంచి శవాన్ని మోసుకుపోతున్నా అంత నిశ్శబ్దంగా చూడరు.

“యాడికి పోతాయన్నా ఇవి?”

“వంకలోకి. ఆడ్నించి తుంగభద్రకు.”

“అంటే మాధవరమోళ్లకు.”

“ఊఁ.”

“వాళ్లకు ఏరుంది కదన్నా,” అంది ఉచ్చీరమ్మ.

ఈరప్ప రాయిని ఆమె చేతుల్లోంచి అందుకుని, మరవకు అడ్డం రాకుండా ఎగువన, గట్టు మీద నిలబెట్టాడు.