నాగూర్‌బీ హాజరు

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన కాగితాలకి ఒక వెచ్చటి వాసన ఉంటుంది. కాస్త ఇస్త్రీ చేసిన గుడ్డలాగా, కాస్త కొత్త పుస్తకంలాగా. గవర్నర్‌పేటలో మేముండే వాటా కిందే రెండు జిరాక్స్ షాపులు ఉండటంతో ఆ వాసన ఏళ్ళ తరబడి మెట్లెక్కి మా హాల్లోకి వస్తూనే ఉంది, నేను పట్టించుకున్నది లేదు. పోయిన నెల శ్రావంతి అనే అమ్మాయి ఆ షాపులోనే తీయించిన ప్రశ్నల కాగితాలు, ఇంకా వేడి ఆరకుండానే, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తోందట. కాలవ గట్టు ఊళ్ళలో మా తరం పిల్లలు ఎలా పెరిగారు, ఏం చదివారు, ఏం తిన్నారు, ఇరుగుపొరుగు ఎలా మెలిగేవారు అన్నది ఆమె ప్రాజెక్టు. నేను పనిచేసే ఇన్సూరెన్స్ ఆఫీసులో ఒకావిడకి మేనకోడలు కావటంతో నా దగ్గరికి పంపించారు.

నేను పొంగిపోయాను. చిన్నప్పటి సంగతులు చెప్పమని నన్నడిగిన వాళ్ళు ఇంతవరకూ లేరు, అడక్కుండా చెబితే మా ఇంట్లో వాళ్ళు టీవీ సౌండు పెంచుతారు. ఆ అమ్మాయి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి బల్ల మీద పెట్టగానే మొదలుపెట్టినదాన్ని రెండు గంటలు ఊపిరి తిప్పుకోలేదు.

ఎండాకాలంలో కాలవలు కట్టేసేవారని చెప్పాను. ఏలూరు కాలవ నుంచి చీలి మా ఊరి పక్కగా పోయే పిల్లకాలవ మే నెల వచ్చేసరికి ఎండిపోయి, అడుగున బురద పెచ్చులు కట్టి, అక్కడక్కడ మోకాలి లోతు మడుగులు మాత్రం మిగిలితే, ఆ మడుగుల్లో గంపలతో చేపలు పట్టటం, పెచ్చుల మీద తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసుకోవటం, వంతెన కింద చల్లటి నీడలో కూర్చుని పచ్చి మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తినటం, పళ్ళు పులిసి అన్నం నమల్లేక అమ్మ చేత తిట్లు తినటం, ఇదీ మా సెలవుల పని. బడులు తెరిచిన కొన్నాళ్ళకి కాలవ వదిలేవారు. ఎండుటాకులు, తెగిన చెప్పులు, తెల్లటి నురగ ముందు తోసుకుంటూ ఎర్రటి కొత్తనీరు మెల్లగా పాకుతూ వస్తుంటే, దాని కంటే నాలుగడుగులు ముందు మేమందరం కేకలేస్తూ పరిగెత్తేవాళ్ళం. గట్టు మీద ఆడవాళ్ళు పసుపూకుంకుమా చల్లి దణ్ణం పెట్టుకునేవారు. వినాయకచవితికి మా ఇంటి నుంచి ఉండ్రాళ్ళు, పీర్ల పండక్కి సాయిబుల ఇళ్ళ నుంచి బెల్లం, కొబ్బరి వేసి కలిపిన మలీదా అటూ ఇటూ తిరిగే గిన్నెల సంగతి కూడా చెప్పాను. ఆ గిన్నెలు ఎప్పుడూ ఖాళీగా తిరిగి వెళ్ళేవి కావు, కనీసం నాలుగు పచ్చిమిరపకాయలైనా వేసి పంపాలి.

కాగితంలో ఇరవయ్యో ప్రశ్న దగ్గర శ్రావంతి, "మీతో చదువుకుంటూ మధ్యలో బడి మానేసిన పిల్లలెవరైనా గుర్తున్నారా ఆంటీ?" అని అడిగింది.

"లేరమ్మా. మా క్లాసులో అందరం చదువుకున్నాం" అన్నాను.

ఆ అమ్మాయి రాసుకుంది. నేను కాఫీ పెట్టే నెపంతో వంటింట్లోకి వెళ్ళి స్టవ్ ముందు ఊరికే నిలబడ్డాను. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. ఆఫీసులో ఫైలు తీస్తాను, ఏ పేజీ కోసం తీశానో మర్చిపోతాను. కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తాను. ఏలూరు రోడ్డు మీద ఆటోలో కూర్చుని ఇల్లు దాటి రెండు వీధులు ముందుకి వెళ్ళిపోయాను. ఎందుకంటే, యూనివర్సిటీ నుంచి వచ్చిన మనిషికి ఇదే సంగతి మీద నేను అబద్ధం చెప్పటం ఇది రెండోసారి.

మొదటిసారి నాకు పదకొండేళ్ళు. ఆరో తరగతి. నా బెంచీలో నా పక్కన కూర్చునేది నాగూర్‌బీ. వాళ్ళ నాన్న దూదేకి పరుపులూ దిండ్లూ కుట్టేవారు. వాళ్ళ వసారాలో ఏకే విల్లు టంగు టంగుమని మోగుతుంటే దూది ఎగిరి అన్నిటి మీదా వాలేది, నాగూర్‌బీ జుట్టులో ఎప్పుడు చూసినా రెండు మూడు దూది పింజలు ఉండేవి. ఎండలో బడికి వచ్చేటప్పుడు నేను అవి ఏరేదాన్ని, తను నా లెక్కలు చేసేది. నేను వేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టే లోపే జవాబు చెప్పేసేది. నాకు కాస్త ఉడుకుమోత్తనంగానే ఉండేది కానీ, చేసిన లెక్కలు ఎత్తిరాసుకోవటానికి మాత్రం సిగ్గు ఉండేది కాదు.

కాలవ వదిలి నాట్లు మొదలవగానే వాళ్ళమ్మ కూలికి వెళ్ళటం మొదలుపెట్టింది. చంటి తమ్ముణ్ణి ఎత్తుకోవటానికి నాగూర్‌బీ ఇంట్లో ఉండిపోయింది.

"నాట్లయిపోగానే వచ్చేస్తానే వాణీ. వరసాగ్గా రాకపోతే మాస్టారు పేరు కొట్టేస్తారంట. కొట్టెయ్యకుండా చూడవే" అంది.

చూడటం ఎలాగో మా బడిలో అందరికీ తెలుసు. కాలవ వదిలిన రోజున సగం క్లాసు గట్టు మీద ఉంటే మిగిలిన సగం వాళ్ళ బదులు కూడా పలికేది, అది మా దగ్గర అన్నం పెట్టినంత మామూలు మర్యాద. మా మాస్టారు ముక్కుపొడుం ఒక పట్టు పట్టి, రిజిస్టర్ మీదకి వంగి, తల ఎత్తకుండా పేర్లు పిలిచేవారు. నాగూర్‌బీ పేరు మధ్యలో, నా పేరు చివర్న ఉండేవి కాబట్టి రెండు గొంతులు మార్చుకోవటానికి నాకు కావలసినంత వ్యవధి దొరికేది. తన పేరు రాగానే బెంచీ కిందికి వంగి సన్నగా "ప్రెజెంట్ సార్" అనేదాన్ని, నా వంతు వచ్చినప్పుడు నిటారుగా కూర్చుని గట్టిగా అనేదాన్ని. ఆడపిల్లలందరూ జడలు నోట్లో కుక్కుకుని నవ్వేవారు. నాట్లు అయ్యాయి, కలుపుతీతలు వచ్చాయి. నేను పలుకుతూనే ఉన్నాను. సాయంత్రాలు వాళ్ళ వసారాలో కూర్చుని ఆ రోజు పాఠం అప్పజెప్పేదాన్ని. తమ్ముణ్ణి చంకలో ఊపుతూ వినేది, అర్థం కానిచోట నన్నే మళ్ళీ అడిగేది, నేను నీళ్ళు నమిలేదాన్ని.

ఆ ఏడు దసరా సెలవులవగానే మా ఊరికి యూనివర్సిటీ మేడం వచ్చింది. నేత చీర, గుడ్డసంచీ, నల్ల గొడుగు. మా పెదనాన్నగారి మేడమీద గదిలో దిగి మా ఇంట్లో భోజనం చేసేది. పిల్లలు ఏ ఆటలు ఆడతారు, ఎన్నింటికి లేస్తారు, బడికి ఏం తిని వస్తారు, ఎవరితో కూర్చుంటారు, అన్నీ రాసుకునేది. మా నాయనమ్మ విస్తరి వేస్తూ, "మా పిల్లలు తిన్న జామకాయలు కూడా రాస్తావా ఏంటమ్మా? అవి దొంగిలించినవి, రాయమాక" అని ఆటపట్టిస్తే పగలబడి నవ్వేది. హాజరు పిలవటం అయ్యాక వచ్చి క్లాసులో వెనక కూర్చునేది. మధ్యాహ్నాలు హాజరుపట్టీ ముందేసుకుని తన పుస్తకంలోకి ఏదో ఎత్తిరాసేది. పుస్తకమూ పెన్నూ పట్టుకుని బడికి వచ్చిన మనిషిని మేం అప్పటిదాకా ఇన్‌స్పెక్టర్ అనే ఎరుగుదుం. ఇన్‌స్పెక్టర్ అడిగితే అంతా బాగుందని చెప్పాలి. మాకు నేర్పింది అదే.

ఒక సాయంత్రం గట్టు మీద నడుస్తూ నా మీదికి కూడా గొడుగు పట్టి, "వాణీ, మీ బెంచీలో నాగూర్‌బీ అని ఉంది. రిజిస్టర్‌లో ఒక్క రోజు కూడా మానలేదు. నేనొచ్చి వారమైంది, ఆ అమ్మాయిని చూసినట్టే లేదే?" అంది.

"నిన్న వచ్చిందండీ. మీరు చూళ్ళేదు. ఇవాళ జొరమండీ."

"నిజమేనా?"

"అమ్మతోడండీ."

మేడం నా తల నిమిరి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత తెలిసింది, ఆవిడ రాసుకున్నది బడికి సరిగ్గా రాని ఆడపిల్లల పేర్లని. అదీ ఎలా తెలిసిందంటే, ఆ పిల్లల ఇళ్ళకి వెళ్ళి, తల్లిదండ్రులతో గంటల తరబడి మాట్లాడి, బెజవాడలో ఒక ఆడపిల్లల హాస్టల్లో చేర్పించే ఏర్పాటు చేసినప్పుడు. మా క్లాసు నుంచి ఇద్దరు వెళ్ళారు. అందులో సామ్రాజ్యం నాగూర్‌బీ వాళ్ళ పక్కింటి పిల్లే. రేకుపెట్టె, కొత్త బకెట్టు పట్టుకుని సామ్రాజ్యం బస్సెక్కుతుంటే ఊరంతా సాగనంపటానికి వచ్చింది. ఆ గుంపులో నిలబడి, నేను చేసిందేమిటో నాకు తెలిసింది. చదువుకోవాలని అందరికంటే ఎక్కువ ఉన్న పిల్ల, ఒక్క రోజూ మానని పిల్లగా కాగితం మీద ఉండిపోయింది, నా మూలాన.

అప్పటికీ మించిపోలేదు. మేడం ఇంకా రెండు వారాలు ఊళ్ళోనే ఉంది. రోజూ మా వంటింట్లో పీట మీద నా ఎదురుగానే అన్నం తినేది. నేను చెప్పలేదు. మాస్టారి చింతబరికె భయం ఒకటి, దాన్ని మించి అమ్మతోడు పెట్టాను కదా. చెప్పింది అబద్ధమని బయటపడితే అమ్మ చచ్చిపోతుందని గట్టిగా నమ్మాను. ఆ రెండు వారాలూ అమ్మ దగ్గితే చాలు, పరిగెత్తుకెళ్ళి మొహం చూసేదాన్ని. మేడం వెళ్ళిపోయింది. కోతలు వచ్చాయి, మినుములు చల్లారు, నాగూర్‌బీ రాలేదు. ఏడో తరగతిలో కొత్త రిజిస్టరు, కొత్త మాస్టారు. అందులో తన పేరే లేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఉండి, నేను పెట్టే చారులో పులుపు చాల్లేదని వంక పెడుతోంది.

నెల రోజులు ఇలా గిజగిజలాడి, మొన్న ఆదివారం శ్రావంతికి ఫోన్ చేశాను. "ఇరవయ్యో ప్రశ్నకి తప్పు చెప్పానమ్మా. కొట్టెయ్. నాతో హనుమాన్ జంక్షన్ దాకా రా" అన్నాను.

నాగూర్‌బీ, వాళ్ళాయన జంక్షన్‌లో హైవే పక్కన పరుపుల షాపు నడుపుతున్నారు. ఇప్పుడు ఎక్కువగా ఫోమ్ పరుపులే, దూదివి ఎవరైనా పట్టుబట్టి అడిగితేనే. ఏడాదికి ఒకటి రెండుసార్లు నేను అటు వెళ్ళినప్పుడు దిగి పలకరిస్తూనే ఉంటాను, ఈ ముక్క తప్ప అన్నీ మాట్లాడతాను. మేం వెళ్ళేసరికి దిండుగలీబుకి మూతి కుడుతోంది. లారీల హోరులో శ్రావంతి ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, గొంతు పెంచి, "ఎంతవరకు చదివారండీ?" అని అడిగింది.

"ఆరు. బడికెళ్ళకుండానే ఆరు పాసయ్యానమ్మా, నాలాంటోళ్ళని ఎక్కడైనా చూశావా?" అని నవ్వింది నాగూర్‌బీ. "ఇదుగో, ఈ మహాతల్లి నా బదులు రోజూ పలికేది. ఇంతమంది ఉన్నా ఇదొక్కతే నా పేరు నిలబెట్టింది."

ఆ మాట విన్నాక ఇక ఆగలేకపోయాను. మేడం గొడుగు పట్టి అడిగిన సంగతి, అమ్మతోడు, సామ్రాజ్యం వెళ్ళిన జాబితా, మొత్తం చెప్పేశాను. వరసగా కూడా చెప్పలేదు, ముందుది వెనక, వెనకది ముందు. నాగూర్‌బీ చేతిలో సూది ఆగిపోయింది.

"ఆవిడ నా గురించి అడిగిందా?"

"అడిగింది."

"నా పేరు పెట్టి?"

"పేరు పెట్టే అడిగింది."

సూది గలీబుకి గుచ్చి పక్కన పెట్టింది. "ఆవిడ సామ్రాజ్యం వాళ్ళింటికి వచ్చిన రోజు నేను తల దువ్వుకుని, ఉతికిన గౌను వేసుకుని, పిల్లాణ్ణి చంకనేసుకుని మా గుమ్మంలో నిలబడ్డా. చూస్తుందేమోనని లెక్కల పుస్తకం కూడా చేత్తో పట్టుకున్నా. మా ముందు నుంచే వెళ్ళిపోయింది. నన్ను చూసి నవ్వింది కూడా. మనం సాయిబులం కదా, మనింటికి రారులే అనుకున్నా. ఇన్నేళ్ళూ అదే అనుకున్నా వాణీ. నా పిల్లలకి కూడా అదే చెప్పా."

శ్రావంతి మెల్లగా చెయ్యి చాపి రికార్డింగ్ ఆపబోయింది.

"ఆపమాకమ్మా" అంది నాగూర్‌బీ. "పేరు పెట్టి అడిగిందని రాసుకో."

నాకు ఏడుపొచ్చింది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను, అంత పెద్ద మాట మా ఇద్దరి మధ్య ఎప్పుడూ వాడలేదు, బయటికి రాలేదు. తను తల వంచుకుని మళ్ళీ కుట్టటం మొదలుపెట్టింది. "టీ తెప్పిస్తా, తాగి వెళ్ళండి" అంది. టీ వచ్చింది, తాగాం.

బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఉంటే శ్రావంతి, మీ ఊళ్ళో అప్పుడుండి ఇప్పుడు లేనివేంటి ఆంటీ, అని ఇరవై ఒకటో ప్రశ్న అడిగింది. పాపం, తన పని తనది. చెప్పాను. కాలవకి సిమెంటు పోశారు, అడుగున పెచ్చుల మీద గళ్ళు గీసుకునే పిల్లలు లేరు. గట్టు తారురోడ్డయింది. దూదేకే విల్లు ఎవరింట్లోనూ లేదు, మా బడిని పక్కూరి బడిలో కలిపేశారు, అక్కడ హాజరు ఫోన్‌లో వేస్తున్నారట. చెబుతూనే వెనక్కి తిరిగి షాపు వైపు చూస్తున్నాను. నేనెప్పుడు వచ్చినా నాగూర్‌బీ పని వదిలేసి రోడ్డు దాకా వచ్చి, బస్సాపి, నన్ను ఎక్కించి, సీటు దొరికిందా లేదా అని కిటికీలోంచి తొంగి చూసి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడుతుంది. రెండు బస్సులు వదిలేశాను. మూడోది వచ్చేసరికి శ్రావంతి, "ఇక వెళ్దామా ఆంటీ?" అంది. ఎక్కాను. నాగూర్‌బీ రాలేదు.