హారతి వేడికి లేచిన గుట్ట

చౌటుప్పల్ దగ్గర మేం పనిచేసే షెడ్డుకు ఎవరొచ్చినా ముందు అడిగేది ఒకటే: "అద్దమన్నరు, మొఖం కనవడదేంది?" టెలిస్కోపు అద్దానికి మెరిసే పూత చివర్లో వేస్తారనీ, అప్పటిదాకా అది మధ్యలో లోతున్న గాజు పళ్లెమేననీ చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది.

ఆ లోతు సరిగ్గా వచ్చిందో లేదో పరీక్షించడం నా పని. అద్దాన్ని నిలబెట్టి, ఎదురుగా సన్నని వెలుగు చుక్క పెట్టి, తిరిగొచ్చే వెలుగును బ్లేడు అంచుతో కొద్దికొద్దిగా అడ్డుకుంటాం. వెంట్రుక మందంలో వెయ్యో వంతు తేడా ఉన్నా గుట్టలూ గుంతలూ నీడలై తేలతాయి. నేను సంతకం పెట్టనిదే అద్దం గడప దాటదు.

ఆ ఏడు దసరా మర్నాడు ఒక కాలేజీ ప్రొఫెసరమ్మ తమ అద్దాన్ని చూసుకోవడానికి రావాలి. అప్పటికే ఒకసారి గడువు తప్పాం. ఈసారీ కుదరకపోతే పని వేరేవాళ్లకు ఇస్తామని కచ్చితంగా చెప్పారు.

పండుగ పొద్దున మావాళ్లు మిషన్లకు పూజ మొదలుపెట్టారు. అద్దానికీ బొట్టు పెడతామన్నారు. కుంకుమ రవ్వతో గీతలు పడతాయని అరిచి ఆపాను. హారతి మాత్రం నేనే పట్టాను. కొల్లాపూర్ దగ్గర మా తాతల కోటలాంటి గడిలో ఆయుధపూజ మా ఇంటి పెద్ద చేతి మీదుగానే జరిగేది. గడి కూలింది, ఆయుధాలు ఎవరి పాలయ్యాయో తెలియదు. అయినా పళ్లెం మరొకరి చేతికివ్వడం నాకు చేతకాలేదు. కర్పూరం దండిగా వేసి, అద్దం నడిమికి దగ్గరగా, ఆరిపోయేదాకా తిప్పాను.

అందరూ ప్రసాదం తిని వెళ్లాక ఆఖరిసారి చూద్దామని బ్లేడు దగ్గర కూర్చున్నాను. అద్దం నడుమ గుట్ట! ముందురోజు లేదు. నాతో ఏళ్లుగా పాలిష్ చేస్తున్న పెద్దమనిషి ఒక్కడే మిగిలాడు. గొర్ల కాపరుల ఇంట పుట్టినవాడు. నన్ను 'దొరా' అంటాడు. అది గౌరవమో ఎకసెక్కమో నేను అడగలేదు.

"దొరా, పండుగ పూట అద్దాన్ని జర కూసోనియ్యి. పొద్దుగాల చూద్దాం."

"పాలిష్ చేసిన్నాడు చల్లారనియ్యాలె. ఇయ్యాల చెయ్యనే లేదు, ఏం చల్లారాలె?"

"నీ ఇష్టం. నా మాట ఎన్నడిన్నవ్ గనక!"

పాలిష్‌కు వాడే తారు దిమ్మతో గంటసేపు నా చేత్తోనే నడుమ రుద్దాను.

తెల్లారి చూస్తే గుట్ట ఉన్నచోట గుంత ఉంది. పెద్దమనిషి వెళ్లి అద్దం అంచున బొటనవేలు కాసేపు ఆనించి తీశాడు. బ్లేడు దగ్గర నుంచి చూశాను. వేలు పెట్టినచోట చిన్న గుట్ట లేచి, మెల్లగా అణిగింది.

"ఏలి వేడికే గింత లేసింది. నువ్వు గంత కర్పూరం తిప్పితివి. గుట్ట చెక్కుతున్న అనుకొని బాయి తవ్వినవ్ దొరా."

"నిన్ననే చెప్పొద్దా?"

"నాకు గూడ ఇప్పుడే తట్టింది."

అతనికి ఏదైనా పని చెడ్డాకే తడుతుంది.

బయట కారు ఆగింది. "పాలిష్ తారు మంచిగ లేకుండె అని చెప్దాం," అన్నాడు లోగొంతుతో.

"నేను చెడగొట్టి తారు మీదికి తోసుడా? ఊకో."

ప్రొఫెసరమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె బ్లేడు దగ్గర చాలాసేపు కూర్చుంది.

"గుంత పూడ్చలేరా?"

"గాజు మళ్లీ రాదమ్మా. చుట్టూ ఉన్నదంతా దాని అడుగుదాకా దించాలి. రెండు నెలలు పడుతుంది."

"కారణం రాసివ్వండి. మావాళ్లను నేను ఒప్పించాలి."

'హారతి వేడికి ఉబ్బిన గాజును గుట్ట అనుకుని చెక్కాను' అని రాసి సంతకం చేశాను. ఆమె చదివి, నవ్వు ఆపుకుంటూ కాగితం మడిచింది. "రెండు నెలలే. మళ్లీ గడువు అడగొద్దు," అని వెళ్లిపోయింది.

"కొబ్బరికాయ నేనే కొడ్తి గద, నా పేరు గూడ రాయకపోతివి దొరా," అన్నాడు అతను.

"నోరు మూసుకొని తారు కాగబెట్టు," అన్నాను.