కోల్డ్ స్టోర్ అన్నాను, అంతే

ఆ రోజు బ్రేకులో చాయ్ గ్లాసు పట్టుకుంటే వేడి తెలియలేదు. ఎడమ చేతికి మార్చుకుంటే చురుక్కుమంది. కుడి చేతి చూపుడు వేలి, మధ్య వేలి కొసలు కొవ్వొత్తిలా తెల్లగా ఉన్నాయి. నొప్పి లేదు కదా అని చాయ్ తాగి మళ్లీ లోపలికి పోయాను.

లోపల అంటే మైనస్ ఇరవై రెండు. నేను జగిత్యాల దగ్గర టైలర్‌ని. ఏజెంటు "బహ్రెయిన్‌ల కోల్డ్ స్టోర్ పని" అన్నాడు. ఇక్కడ బహ్రెయిన్‌లో గల్లీలోని కిరాణా దుకాణాన్ని కోల్డ్ స్టోర్ అంటారు. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉంటున్న మా ఊరి రాజన్న ఫోన్‌లో "మంచి పనే తమ్మీ, నీడపట్టున కూసుంటవ్" అని సంతోషపడ్డాడు. వచ్చి చూస్తే గోడౌన్ అంత ఫ్రీజర్. గడ్డకట్టిన కోళ్ల డబ్బాలు మోయాలి. గల్ఫ్ ఎండకు మాడిపోతానని నేను తెచ్చుకున్నవి పల్చటి బనియన్లు! కంపెనీ కోటు ఇచ్చింది. గ్లోవ్స్ మాత్రం ఒకటే జత, అవి ఆరేలోపే మళ్లీ డ్యూటీ. కొత్తలో ఊపిరి పీలిస్తే ముక్కులో వెంట్రుకలు గట్టిపడేవి. బయటికొస్తే నలభై ఐదు డిగ్రీలు, ఆ చెమటతోనే మళ్లీ లోపలికి. నెలకల్లా అలవాటైందనుకున్నాను. అదే నన్ను ముంచింది.

రూముకొచ్చాక, నాతోనే ఉండే రాజన్న నా చెయ్యి చూసి, "గిట్ల తెల్లగైందేందిరా? వేడి నీళ్ల కింద పెట్టు" అన్నాడు. ఎండాకాలం ఇక్కడ ట్యాంకు నీళ్లు కాగబెట్టినట్టే వస్తాయి. చాలాసేపు కుళాయి కింద పెట్టాను. ఏమీ తెలియలేదు. పొద్దునకు రెండు వేళ్లకూ పొక్కులు లేచాయి.

క్లినిక్ డాక్టరు ఏమైందని హిందీలో అడిగాడు. వేడి నీళ్లన్నాను.

"ఎక్కడ పని?"

"కోల్డ్ స్టోర్."

"సెకండ్ డిగ్రీ బర్న్. ఆయింట్‌మెంట్ రాయి. రెండు రోజులు రెస్ట్, తర్వాత డ్యూటీకి పోవచ్చు."

ఆయన దుకాణం అనుకున్నాడు. నాకా సంగతి తట్టలేదు.

మూడో రోజు బ్యాండేజ్ మీద గ్లోవ్ తొడిగి ఫ్రీజర్‌లోకి పోయాను. అలా వారం. కట్టు విప్పితే పొక్కుల కింద నీలం, వేలి కొసల్లో నలుపు. అప్పటికీ నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసే నాకు భయం పట్టుకుంది.

రాజన్న డ్యూటీ మానుకొని పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మ సూదితో పొడిచి "తెలుస్తోందా?" అని అడిగింది. పదిహేనేళ్లు సూది పట్టిన వేలది. లేదని తల ఊపాను.

"లోపల టెంపరేచర్ ఎంత?"

ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టింది.

"ఇది ఫ్రాస్ట్‌బైట్, చలికి వేళ్లు గడ్డకట్టాయి. ఒకసారి కరిగిన వేలు మళ్లీ గడ్డకట్టకూడదు. నువ్వు వారం రోజులు అదే చేశావు."

"కోసేస్తారా మేడం?"

"ఇప్పుడే కాదు. డీమార్కేషన్ రావాలి. చచ్చిన చోటికీ బతికిన చోటికీ మధ్య గీత పడుతుంది. అప్పటిదాకా ఎంత పోతుందో నేను చెప్పలేను."

ఆరు వారాలు ఆ గీత కోసం చూశాను. రోజూ పొద్దున్నే టేపు పెట్టి, నలుపు ఎంత దిగిందో కొలిచేవాణ్ని. మధ్య వేలికి మొదటి కణుపు దగ్గర ఆగింది. చూపుడు వేలికి ఆగలేదు. ఇన్ఫెక్షన్, జ్వరం, డ్రిప్‌లో యాంటీబయాటిక్స్. వీడియో కాల్‌లో ఇంటికి ఎడమ చెయ్యే చూపించేవాణ్ని. ఒక రోజు నా భార్య లక్ష్మి "కుడి చెయ్యి ఏడ పెట్టినవ్?" అని అడిగింది. జేబులో ఉందన్నాను. తియ్యమంది. తీశాను. "ఇంకెంత దిగుతదట?" అని మాత్రం అడిగింది. గీత పడితేనే తెలుస్తుందన్నాను.

చూపుడు వేలు రెండో కణుపు దాకా, మధ్య వేలి కొస తీసేశారు.

ఇప్పుడు అదే కంపెనీలో బయట గేటు దగ్గర పని. శుక్రవారం సెలవుల్లో లేబర్ క్యాంపు వాళ్ల ప్యాంట్లు కుదిస్తాను. సూది పట్టడం ఉంగరం వేలికి నేర్పుతున్నాను, ఒక్క గుండీకి అరగంట పడుతోంది. ఏసీ గాలి తగిలితే లేని వేలి కొస సలుపుతుంది.

మీకు చెప్పేది ఒక్కటే. ఎక్కడ పని అని డాక్టరు అడిగితే పని పేరు చెప్పి ఊరుకోకండి. చేతులతో ఏం చేస్తారో, ఎంత చలిలోనో, ఎంత ఎండలోనో, ఎన్ని గంటలో విడమరచి చెప్పండి.

మొన్న మా రూముకి నిర్మల్ నుంచి ఒకాయన కొత్తగా వచ్చాడు. నాకంటే పెద్దవాడు. ఏం పని అన్నా అని అడిగితే "కోల్డ్ స్టోర్" అన్నాడు.

"దుకాణమా, ఫ్రీజరా?"

"రెండూ ఒకటే గదా తమ్మీ" అని నవ్వాడు.

నేను కుడి చెయ్యి జేబులోంచి తీసి ఆయన ముందు పెట్టాను.