గుర్రపుస్వారీ ఉన్న దరఖాస్తు

ఆరేళ్లు నిండిన బిడ్డను న్యూజిలాండ్‌లో ఇంటి దగ్గర చదివించాలంటే విద్యాశాఖ మినహాయింపు పత్రం ఇవ్వాలి. అది చేతికి వచ్చేదాకా బిడ్డ బడికి వెళ్లాల్సిందే. ఈ రెండో వాక్యం నేను చదవలేదు. కాలేజీ డిబేట్లలో ఆధారం చూపని ప్రత్యర్థిని వదలని నేను, మౌంట్ రాస్కిల్ పేటలో ఉండే ఒక తెలుగు అంకుల్ మాటను ఆధారం అడగకుండా నమ్మాను.

ఆ ఆదివారం ఆయన ఇంట్లో భోజనాలు. నత్తి వల్ల మా అమ్మాయి క్లాసులో నోరు విప్పడం మానేసిందని చెప్పాను.

“చట్టాలతో నీకేం పనమ్మా? నా దగ్గర వేరేవాళ్లది పాసైన అప్లికేషన్ ఉంది. పేరు మార్చి పంపెయ్. రేపే బడి మాన్పించు.”

గైడు చూసి పరీక్షలు గట్టెక్కిన తరం మాది. పేరు మార్చి పంపాను, బడి మాన్పించాను.

రెండు ఉత్తరాలు వచ్చాయి. గైర్హాజరుకు కారణం చెప్పమని బడి అడిగింది. మీ అమ్మాయి గుర్రపుస్వారీ పాఠాలు ఎక్కడ, ఎలా జరుగుతాయని విద్యాశాఖ అడిగింది. టకానినిలో మా ఇంటి పెరట్లో బట్టలారేసే తీగ తప్ప ఏమీ లేదు.

“డిబేట్లో కప్పులు గెలిచావు, కాపీ కొట్టడం రాలేదా?” అన్నారు అంకుల్, మరో ఆదివారం భోజనాల బల్ల దగ్గర, అందరి ముందూ. అందరూ నవ్వారు. తెలుగు మాట్లాడకపోయినా అర్థం చేసుకునే నా కూతురు, ఆ నవ్వు ఆగేదాకా నా చెయ్యి వదల్లేదు.

దాన్ని మళ్లీ బడికి పంపాను. రోజూ గేటు దగ్గర దాని ముఖం చూసి, ఇంటికొచ్చి చట్టం చదివాను. పట్టుదల అంటే గౌరవంగా ఉంటుంది; నిజానికి అది పగ. బడిలో ఎంత క్రమంగా, ఎంత బాగా చెబుతారో అంత క్రమంగా, అంత బాగా చెబుతామని నిరూపించాల్సిన భారం మనదేనని అందులో ఉంది. మా అమ్మాయి ఏం చదువుతుందో, ఎప్పుడు చదువుతుందో, నేర్చుకున్నదని ఎలా తెలుసుకుంటానో నా మాటల్లోనే రాశాను. పత్రం వచ్చింది.

కొన్నాళ్లకు అదే బల్ల దగ్గర అంకుల్ అన్నారు: “నీ అప్లికేషన్ నాకు పంపమ్మా, మనవరాలికి పేరు మార్చుకుంటాం.”

ఈ మాట కోసమే చట్టంలోని ఆ ఇంగ్లిషు పేజీని సంచిలో పెట్టుకు తిరుగుతున్నాను.

“ముందు ఇది పైకి చదవండి అంకుల్.”

అందరూ చూస్తున్నారు. ఆయన మొదటి వాక్యంలోనే తడబడ్డారు, వెనక్కి వెళ్లారు, మళ్లీ తడబడ్డారు. నవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

“తొం... తొందరేం లేదు తాతయ్యా,” అంది నా కూతురు. రోజూ నేను దానికి చెప్పే మాట. పదిమందిలో అది తెలుగులో మాట్లాడటం అదే మొదలు.

నేను నవ్వలేదు. ఆయన్ని నేను క్షమించలేదు. అప్లికేషనూ పంపలేదు.