నా కడుపు గురించి మా అమ్మ చెప్పిన సంగతి

నా పెద్దపేగు జబ్బు మంచుకొండల్లో మొదలైంది. సైన్యంలో నేను వాహనాల మెకానిక్‌ని. కాన్వాయ్‌లో ఒక బండి ఆగితే వెనకున్న బండ్లన్నీ ఆగిపోవాలి. అలాంటి చోట ‘సార్, కడుపులో బాగాలేదు’ అనడం ఎంత సిగ్గో, అనకుండా బిగబట్టుకుని కూర్చోవడం ఎంత నరకమో పడ్డవాడికే తెలుసు. తర్వాత నెత్తురు పడటం మొదలైంది. చివరికి ఒక లారీ కింద పనిచేస్తూ స్పృహ తప్పితే నన్ను కాళ్ళు పట్టి బయటికి లాగారట.

రెండు మూడు చోట్ల తిప్పి, మన వైపే ఉన్న ఒక మిలిటరీ ఆసుపత్రిలో పడేశారు. మందులతో అదుపులో ఉంటుందే తప్ప పూర్తిగా పోయే జబ్బు కాదన్నారు. ఇక నా ముందు రెండు దారులున్నాయి. నా అంతట నేనే వెళ్ళిపోతానని సంతకం పెట్టి ఇంటికి రావడం ఒకటి. నాకున్న సర్వీసుకి అలా వస్తే పింఛను ఉండదు, బతికినన్నాళ్ళూ మందుల భారం నాదే. మెడికల్ బోర్డు తేల్చేదాకా ఆగడం రెండోది. జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని బోర్డు ఒప్పుకుంటే పింఛనూ, వైద్యమూ ఇచ్చి పంపిస్తారు. ఒప్పుకోకపోతే ఉత్త చేతులే.

నేను ఆగాను. పింఛను కోసమే అంటే అబద్ధం. వీడు మా దగ్గర పనిచేస్తూ ఆరోగ్యం పోగొట్టుకున్నాడని ఎవరో ఒకరు నోరు తెరిచి అనాలని ఉండేది. ఆ మాట కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూశాను.

గుణదల నుంచి అమ్మ వచ్చింది. మాత గుడిలో ప్రార్థన చేయించిన కొబ్బరినూనె సీసా, జపమాల, నిమ్మకాయంత ఇంగువ ముద్ద తెచ్చింది. వచ్చిన పూటే నర్సులందరి పెళ్ళిళ్ళ గురించీ వాకబు చేసింది.

మా అమ్మకి డాక్టర్లతో మాట్లాడే పద్ధతి ఒకటుంది. కాల్లో ముల్లు గుచ్చుకున్నా సరే, ‘వీడు చిన్నప్పటి నుంచీ నాజూకండీ’ అని మొదలుపెడుతుంది. మా వీధిలో తల్లులందరిదీ అదే వరస. అది జబ్బు వివరం కాదు. నా బిడ్డని కాస్త జాగ్రత్తగా చూడండి బాబూ అని బతిమాలుకోవడం. విజయవాడ డాక్టర్లకి అది తెలుసు. తలూపి, వాళ్ళ మందులేవో వాళ్ళు రాసుకుంటారు.

మిలిటరీ డాక్టరు తెలుగువాడే, కుర్రవాడు, మర్యాదస్తుడు. నా మంచం పక్కన నిలబడి, “ఏమ్మా, చిన్నప్పుడు ఇతని ఆరోగ్యం ఎలా ఉండేది?” అని అడిగాడు.

అమ్మ మొహం విప్పారింది. “ఏం చెప్పమంటారు బాబూ! పుట్టిన కాడి నుంచీ వీడి కడుపు అంతేనండీ. కాస్త కారం తగిల్తే చాలు, రెండ్రోజులు లేచేవోడు కాదు. కళ్ళల్లో పెట్టుకుని పెంచానండీ. మీరే కాస్త చూసుకోవాలి.”

చేతికి నెత్తురు ఎక్కుతోంది నాకు. అమ్మ మొదలెట్టిందిరా అనుకుని, ఆ నీరసంలోనే నవ్వుకున్నాను. ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టి ముక్కలు తినేవాణ్ణి, ఏలూరు కాలవలో ఈదుతూ ఆ నీళ్ళే తాగేవాణ్ణి. ఒక్కనాడూ కడుపునొప్పని పడుకున్న పాపాన పోలేదు. డాక్టరు మాత్రం అన్నీ రాసుకున్నాడు.

జబ్బు చిన్నప్పటి నుంచే ఉందనీ, సర్వీసుతో దానికి సంబంధం లేదనీ బోర్డు తేల్చింది. ఎందుకలా తేల్చారో నాకు చెప్పారు. అమ్మకి నేను చెప్పలేదు. ఇంటికొచ్చి ఆటోనగర్లో మా బావ షెడ్డులో పనికి కుదిరాను. లారీ కింద దూరేముందు మరుగుదొడ్డి ఎంత దూరమో చూసుకోవడం అలవాటైంది.

మా సందు చివర ఉండే రిటైర్డు సుబేదారు గారు, అప్పీలు పెడదామని ఒకనాడు మా ఇంటికి వచ్చారు. మంచి మనిషే, గొంతు మాత్రం పెరేడ్ గ్రౌండుది. అమ్మ కాఫీ తెచ్చేసరికి ఆయన ఊగిపోతున్నారు. “చూడు చెల్లెమ్మా! భర్తీలో అంత పరీక్ష చేసి, ఉక్కులా ఉన్నాడని తీసుకున్న కుర్రోడికి చిన్నప్పుడే రోగం ఉందంట! ఏ బుద్ధిలేనోడు చెప్పాడో గానీ వీడి నోట్లో మట్టి కొట్టాడు.”

నేను సైగ చేసేలోపే అయిపోయింది. అమ్మ కాఫీ గ్లాసు ఆయన చేతికిచ్చింది. “నేనేనండీ చెప్పింది” అంది.

సుబేదారు గారు ఆ కాఫీ తాగలేకపోయారు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ ఏడవలేదు. మర్నాడే వకీలు దగ్గరికి బయల్దేరింది. “నేను అబద్ధం చెప్పానని రాయండి. నా బిడ్డకి ఏ రోగమూ లేదండీ, నేనే నోరు జారానండీ” అని ఆయన రాసిన కాగితం మీద వేలిముద్ర వేసింది. అప్పీలు నిలవలేదు. కొడుకు కోసం తల్లి మాట మారుస్తోందన్నారు. మొదటి మాట నమ్మినవాళ్ళు రెండో మాట నమ్మలేదు. వాళ్ళని తిట్టుకుంటూ చాలా రోజులు గడిపాను. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టడమే మిగిలింది.

ఇప్పుడు విజయవాడలోనే ఒక ప్రైవేటు డాక్టరుకి చూపించుకుంటున్నాను. అమ్మ తోడు రావడం మానలేదు. మొన్న జబ్బు మళ్ళీ తిరగబెడితే వెళ్ళాం. డాక్టరు నా పొట్ట నొక్కి చూస్తూ అమ్మ వైపు తిరిగి, “ఏమ్మా, అన్నం సరిగ్గా తింటున్నాడా?” అన్నాడు.

అమ్మ నా మొహంలోకి చూసింది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“నాకేం తెలవదండీ. వాణ్ణే అడగండి.”

ఆ పొద్దున నాకు అన్నం మెత్తగా పిసికి, మజ్జిగ కలిపి, ముద్దలు చేసి నోట్లో పెట్టింది ఆవిడే.